తోకలేని గుడ్డ ఎలుకలు

1967 సెప్టెంబర్ 14, గురువారం. సాయంత్రం నాలుగు గంటల యాభై నిమిషాలు.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు. దాని వెనకే సేటు ఇల్లు. ఆ ఇంట్లో మేడమెట్ల కింద వీరమ్మ బోర్లా పడి ఉంది. అరవై రెండేళ్ల మనిషి. నుదురు పగిలి రక్తం గచ్చు మీద గడ్డకట్టింది. ప్రాణం పోయి అరగంట దాటిందని డాక్టర్ చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

సబ్ ఇన్‌స్పెక్టర్ తిరుపతయ్య శవం పక్కన ఒంటి మోకాలి మీద కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ అతన్ని రమ్మనలేదు, కూర్చోమనలేదు. డాక్టరే స్టేషన్‌కు కబురు పంపాడు. ఆ సంగతి మిల్లు యజమాని రాంచందర్‌కు ఒళ్లు మండిస్తోంది. వీరమ్మ అతనికి మేనత్త. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికి వచ్చి అక్కడే ఉండిపోయింది.

"సూసేదేమున్నది? పిల్లి బొమ్మ మీద కాలేసింది, జారిపడ్డది. రాసుకొని పో," అన్నాడు రాంచందర్.

బొమ్మ పైనుంచి మూడో మెట్టు మీద ఉంది. చెక్క దారపు రీలుకు గుడ్డ చుట్టి, ఎలుక ఆకారం వచ్చేలా కట్టారు. వెనక జానెడు తోక. గట్టి దారంతో చేసిన తోక.

తిరుపతయ్య దాన్ని రుమాలుతో తీశాడు. తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మైనం వాసన.

గుడ్డ మీద ఒక్క గోరు గీత లేదు. ఒక్క పంటి గాటు లేదు.

అతను మెట్లెక్కి వీరమ్మ గదిలోకి వెళ్లాడు. కిటికీ తెరిస్తే మిల్లు ఇంజన్ రూమ్ ఎదురుగా కనిపిస్తుంది. కిటికీ కింద వెదురు బుట్ట. అందులో పదకొండు బొమ్మలు. పాత రవిక ముక్కల్లో ఊక కూరి కుట్టిన ఎలుకలు. తలనొప్పి మందు డబ్బాలో చింతగింజలు పోసి, మూత బిగించి చేసిన గిలక్కాయ. కొబ్బరి పీచు ఉండలు. మొక్కజొన్న బెండుకు చుట్టిన గోనె ముక్క. అన్నీ పిల్లుల నోళ్లలో నాని, గోళ్లకు చిరిగి, మళ్లీ అతుకులు పడినవే. మిల్లులో ఎలుకల కోసం ఐదు పిల్లుల్ని పెంచుతున్నారు. కూనలు గోదాములోకి దిగక ముందే వేట నేర్వాలని వీరమ్మ ఇంట్లో పారేసే వస్తువులతో వీటిని చేసేది.

గుడ్డ ఎలుకలు ఏడున్నాయి. ఏడింటిలో ఒక్కదానికీ తోక లేదు.

కిందికి వచ్చి పనిమనిషి రుక్కమ్మను పిలిచాడు. ముప్పై ఏళ్లుంటాయి. పెద్దవూర దగ్గరి గొర్రెల కాపరుల ఇంటి ఆడపడుచు. భర్త నర్సింహ ఇదే మిల్లులో కూలీగా పనిచేస్తూ జూలైలో ఇంజన్ బెల్టులో చిక్కుకుని చనిపోయాడు. తాగి పడ్డాడని తిరుపతయ్యకు ముందున్న ఎస్సై రాసి ఫైల్ మూసేశాడు.

"పెద్దమ్మ బొమ్మలకు తోకలెందుకు పెట్టది?"

"మూడేండ్ల కింద ఒక కూన దారం మింగింది సారూ. కడుపుల పేగులకు సుట్టుకొని నాలుగొద్దులు గిలగిల కొట్టుకొని సచ్చింది. గప్పటిసంది పెద్దమ్మ ఏలాడే దారం ఇంట్ల కనపడితె ఏరి పొయ్యిల ఏసేది."

రాంచందర్ భార్య కృష్ణకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె చేతిలో గిన్నె గచ్చు మీద పడింది. తీసుకోవడానికి వంగలేదు.

తిరుపతయ్య అందరికీ వినపడేలా చెప్పాడు. రీలు మీద కాలేస్తే కాలు ముందుకు జారుతుంది, మనిషి వెనక్కి పడుతుంది. మెట్ల అంచుకు వీపో, తల వెనక భాగమో తగలాలి. వీరమ్మ నుదురు పగిలింది. వీపు మీద గీత కూడా లేదు.

"వెనకనుంచి ఎవరో తోసిండ్రు. తోసినంక బొమ్మను ఆడ పెట్టిండ్రు."

 రాంచందర్ నవ్వాడు.

"గొర్ల మందల పెరిగినోనికి డ్రెస్సు ఇస్తె గిట్లనే ఉంటది. తోసిండ్రా? అయితె ఈ రుక్కి తోసింది. పట్టుకపో. మీ కులపుదే కదా, ఇడిసిపెడతవో పట్టుకపోతవో సూస్త."

అనంతగిరి దగ్గర తండ్రితో గొర్రెలు కాసిన రోజులు తిరుపతయ్య ఎవరి దగ్గరా దాచుకోలేదు. ఆ మాట అతనికి కొత్తకాదు.  నోట్‌బుక్ తీశాడు.

ఎవరెక్కడ ఉన్నారు?

రాంచందర్ మూడున్నర నుంచి ఆఫీసు గదిలో ఇద్దరు వ్యాపారులతో ఉన్నాడు. వాళ్లిద్దరూ అవునన్నారు. కృష్ణకుమారి వంటింట్లో ఉంది. నాలుగూ ఇరవైకి ధబ్బున చప్పుడు విన్నానంది. రుక్కమ్మ పెరట్లో బావి దగ్గర అంట్లు తోముతున్నానంది. కృష్ణకుమారి అన్న భిక్షపతి, కోదాడ నుంచి వచ్చి ఇక్కడ ఇంజన్ సూపర్‌వైజర్‌గా ఉన్నవాడు, మిల్లులో ఉన్నానన్నాడు.

"నాలుగూ ఐదుకు బెల్టు కుట్టు తెగింది. ఇంజన్ ఆపాను. కూలీలను బయటికి పంపి, తలుపేసుకుని కుట్టాను. నాలుగూ ముప్పై ఐదుకు మళ్లీ నడిపాను. కావాలంటే కూలీలను అడగండి."

కూలీలను అడిగితే ఆ అరగంట ఇంజన్ ఆగిన మాట నిజమేనన్నారు.

అప్పుడు రాంచందర్ భార్య వైపు చూశాడు.

"నువ్వు సూసింది చెప్పు."

కృష్ణకుమారి తల వంచుకుంది. రుక్కమ్మ మేడ దిగడం చూశానని మెల్లగా చెప్పింది.

చూశానన్న సాక్షి ఉంది. పైఅధికారికి రాంచందర్ ఫోన్ వెళ్లింది. ఆరున్నరకు ఆర్డర్ వచ్చింది. తిరుపతయ్య రుక్కమ్మను స్టేషన్‌కు తీసుకెళ్లక తప్పలేదు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఆమె ముందు చాయ్ పెట్టి అడిగాడు. వీరమ్మ అంటే ఎవరికి కోపం?

రుక్కమ్మ చాయ్ ముట్టలేదు. మీరంతా ఒక్కటే అంది. నా పెనిమిటి సచ్చిననాడు గూడ ఇదే కుర్చీల ఒక ఎస్సై కూసున్నడు అంది. అయినా జరిగింది చెప్పడం మొదలుపెట్టింది.

నర్సింహ తాగలేదు. ఇంజన్ ఆపితే పని ఆగుతుందని, తిరుగుతున్న చక్రం మీదికే బెల్టు ఎక్కించమని భిక్షపతి అతన్ని మెడపట్టి నెట్టాడు. మేడ కిటికీలోంచి వీరమ్మ అంతా చూసింది. రెండు నెలలు ఇంటి పరువని నోరు మూసుకుంది. అన్నం తినేది కాదు. బుధవారం ఉదయం రాంచందర్‌తో, శుక్రవారం స్టేషన్‌కు పోయి చెప్తానని తేల్చి చెప్పింది. రుక్కమ్మ వాకిలి ఊడుస్తూ విన్నది. భిక్షపతి కూడా అప్పుడు అక్కడే ఉన్నాడంది.

"గప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్తె నన్ను నమ్ముతుంటిరా?"



పదకొండింటికి ఇద్దరు కానిస్టేబుళ్లతో మిల్లుకు వెళ్లి ఇంజన్ ఆపించాడు. భిక్షపతి దారికి అడ్డం నిలబడ్డాడు. ఒక కానిస్టేబుల్ అతన్ని పక్కకు జరిపాడు. ఇంజన్ రూమ్ మూలన దారపు ఉండ దొరికింది. తోలు బెల్టులు కుట్టే మైనం దారం. రుమాలులోని బొమ్మ తోకతో పోల్చాడు. మందం అదే, రంగు అదే, వాసన అదే.

తర్వాత కిష్ట్యా అనే ముసలి కూలీని పిలిచి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పమన్నాడు. బెల్టు అంగుళం అంగుళం కదిలింది. తిరుపతయ్య దాని వెంట వేలు పెట్టి నడిపించాడు. రెండుసార్లు పూర్తిగా చూశాడు. కిష్ట్యాను కూడా చూడమని, చూసింది చెప్పమని, చెప్పింది రాసుకుని వేలిముద్ర తీసుకున్నాడు.

శనివారం పదిన్నర. మిల్లు ఆఫీసు గది.

రాంచందర్ గాదీ పరుపు మీద కూర్చున్నాడు. పక్కన భిక్షపతి. తలుపు దగ్గర కృష్ణకుమారి. గోడవారన కానిస్టేబుల్ కాపలాలో రుక్కమ్మ.

"సోమవారం నీ ట్రాన్స్‌ఫర్ వస్తది," అన్నాడు రాంచందర్. "జెల్ది కానియ్యి."

తిరుపతయ్య బల్ల మీద రెండు బొమ్మలు పెట్టాడు. ఒకటి బుట్టలోది, తోక లేనిది. ఇంకొకటి మెట్టు మీదిది.

"ఇది వీరమ్మ చేసింది. ఇది ఆమెను సంపినోడు చేసిండు. పిల్లి బొమ్మ అంటె దారం ఉంటదనుకున్నడు. ఆ బుట్ట ఇంట్ల అందరు రోజూ సూసేదే. రుక్కమ్మకు తోకలెందుకు లేవో ఎరుక. ఆమె చేస్తె తోక పెట్టదు. ఎన్నడూ ఆ బుట్టల చెయ్యి పెట్టనోడే ఈ తోక పెట్టిండు."

తోకను వేలితో ఎత్తి చూపించాడు.

"ఇది బెల్టు కుట్టే దారం. ఇంజన్ రూములది."

భిక్షపతి మీసం సవరించుకున్నాడు. "దారం ఎవరైనా తీసుకోవచ్చు. తలుపులు తెరిచే ఉంటాయి."

"నిజమే. గురువారం ఆ అరగంట ఏం చేసినవు?"

"చెప్పాను కదా. బెల్టు కుట్టాను."

"ఏడ కుట్టినవు?"

భిక్షపతి రాంచందర్ వైపు చూశాడు.

"బెల్టుకు మూడు అతుకులున్నయి. మూడూ జిడ్డు పట్టి, ఊకదుమ్ము పేరుకొని నల్లగైనయి. కొత్త కుట్టు ఒక్కటి లేదు. తెగిన బెల్టు కుట్టకుండ ఎట్ల తిరిగింది? ఆ దినం కొత్త దారం పడ్డది బెల్టు మీద కాదు, ఈ బొమ్మకు."

భిక్షపతి మాట మార్చాడు. కుట్టలేదు, బిగించానన్నాడు. బిగించలేదు, మైనం పూశానన్నాడు. ఆఖరికి, నన్ను మేడ మీద చూసిన మనిషెవరో తెమ్మన్నాడు. చూసిన సాక్షి రుక్కమ్మను చూసింది కదా అన్నాడు.

తిరుపతయ్య మడిచిన కాగితం తీసి కృష్ణకుమారి ముందు పరిచాడు. గురువారం ఆమె చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. కింద సంతకానికి చోటు. పెన్ను మూత తీసి పక్కన పెట్టాడు.

"చదువుకో అమ్మా. నిజమైతే సంతకం చెయ్యి. దీనిమీద రుక్కమ్మకు ఉరి పడొచ్చు."

"చెయ్యి," అన్నాడు రాంచందర్.

ఆమె పెన్ను తీసుకుంది. కాగితం మీద ఆనించింది. సిరా చుక్క ఒకటి పడి అలుక్కుంది. మాట ఆమె నోట్లోంచి ఊడిపడినట్టు వచ్చింది.

"రుక్కమ్మను చూడలేదు. చప్పుడు విని వచ్చేసరికి మా అన్న మెట్లు దిగుతున్నాడు. అత్తమ్మను దాటుకుని పోయాడు. నన్ను చూసి, నోరెత్తొద్దన్నాడు. రుక్కమ్మ పేరు చెప్పమన్నది ఈయన."

భిక్షపతి చెల్లెలి మీదికి లేచాడు. కానిస్టేబుల్ రెండు చేతులూ వెనక్కి విరిచి బేడీలు వేశాడు. కోదాడలో అమ్మకు నీ మొహం ఎట్లా చూపిస్తావని భిక్షపతి అరుస్తూనే ఉన్నాడు.

రాంచందర్ గాదీ మీంచి కదలలేదు.

"ఈ ఇంట్ల నీకు ఇగ జాగ లేదు," అన్నాడు భార్యతో.

"తెలుసు," అంది కృష్ణకుమారి. పాత కాగితం అడ్డంగా చింపేసి, కొత్తది ఇవ్వమని ఎస్సై వైపు చెయ్యి చాపింది.

తిరుపతయ్య ఆమె చెప్పింది రాసుకుని సంతకం పెట్టించాడు. తర్వాత రాంచందర్‌ను కూడా లేవమన్నాడు. అబద్ధపు సాక్ష్యం పుట్టించినందుకు స్టేషన్‌కు రావాలన్నాడు.

కానిస్టేబుల్ పక్కకు తప్పుకున్నా రుక్కమ్మ గోడ దగ్గర్నుంచి కదలలేదు. క్షమించమన్నట్టు కృష్ణకుమారి ఒక అడుగు ముందుకు వేస్తే, ఆమె మొహం తిప్పుకుంది.

"రెండొద్దులు నన్ను దొంగ లెక్క కూసోబెట్టిండ్రు. నీకు నేను దండం పెట్టను," అంది. తిరుపతయ్య వైపు తిరిగింది. "పెద్దమ్మ సంగతి రాసిండ్రు. నా పెనిమిటి సంగతి ఎప్పుడు రాస్తరు?"

తిరుపతయ్య కుర్చీ జరిపి ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్తానంది.

అతను తెల్ల కాగితం తీసి బల్ల మీద సర్దుకున్నాడు.

"చెప్పు. ముందుగాల ఆయన పూర్తి పేరు."