పలక మీద ఆరు

మా పినతండ్రి కొడుకు నైజల్‌కి ఈమధ్య వంశవృక్షం పిచ్చి పట్టింది. జీవితమంతా మా గని ఊరి పేరెత్తితే ముక్కు మూసుకున్నవాడు, బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాక, మనవరాలికి ఎవరో గొప్పింటి సంబంధం కుదిరిందనగానే పూర్వీకుల్ని తవ్వడం మొదలెట్టాడు. పెళ్ళిలో పంచడానికి బంగారు అంచు పుస్తకం వేయిస్తాడట. వాడి మొహానికి అదొకటి తక్కువ.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి దిగాడు. బయట పొగమంచు కిటికీ అద్దాలకి అంటుకుని కదలడం లేదు. వంటింట్లో బఠాణీ ముద్ద ఉడుకుతోంది. మేడమీద, వీధి వైపు గదిలో మా ఆయన స్టాన్ పడుకుని ఉన్నాడు. గని మూసేసేదాకా అందులోనే పనిచేశాడు. బొగ్గంతా ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. ఆక్సిజన్ గొట్టం తీస్తే నాలుగడుగులు వెయ్యలేడు. ఒక్కసారి చలిగాలి తగిలినా ఇక ఆశ వదులుకోమని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. నాకు పిల్లల్లేరు. ఉన్నదంతా ఆ మనిషే.

"ఇదిగో చూడు ఆడ్రీ, మన ముత్తవ్వ టబితా," అని నైజల్ తెర నా వైపు తిప్పాడు. పదేళ్ళకోసారి తీసిన జనాభా లెక్కలు. పాత దస్తూరీ, సిరా మరకలు. "పద్దెనిమిది వందల ఎనభై ఒకటిలో విధవ, ముగ్గురు కొడుకులు. తొంభై ఒకటికి ఒక్క కొడుకే మిగిలాడు. వృత్తి అనే గడిలో మాత్రం రెండుసార్లూ లేపే మనిషి అని రాసుంది. ఛీ, ఇది పుస్తకంలో ఎలా వెయ్యను? గని కాలనిర్వహణాధికారిణి అని మార్చాను."

నాకు ఒళ్ళు మండింది. "కాలనిర్వహణా లేదు, కాకరకాయా లేదు. కర్ర పుచ్చుకుని ఇంటింటి మేడ కిటికీ కొట్టి షిఫ్టుకి లేపేది. లోపలివాడు వస్తున్నా అని పలికి, తెర తీసి మొహం చూపించేదాకా కదిలేది కాదు. ఆ కూలి డబ్బుతోనే మన తాత పుట్టిన ఈ కొంప నిలబడింది."

"సరేలే, అరవకు. మిగతా ఇద్దరు కొడుకులు ఏమయ్యారో మాత్రం ఎక్కడా లేదు."

లెక్కల్లో ఎందుకుంటుంది? మా ఇంట్లో ఉంది. గుమ్మం పక్క బయటి గోడలో ఒక పలక బిగించి ఉంది. వెనకటికి ప్రతి ఇంటికీ ఉండేది. ఎన్నింటికి లేపాలో సుద్దతో దానిమీద రాసేవాళ్ళు. ఒకరోజు ఆ ఇద్దరికీ జ్వరం, లేవలేకపోయారు. సొంత తల్లే కిందనుంచి కర్రతో కొట్టి, సిగ్గులేదూ అని దెప్పి, మొహాలు చూపించేదాకా నిలబడింది. వెళ్ళారు. గని కప్పు కూలి ఇద్దరూ పోయారు. టబితా ఆ తర్వాత కూడా అదే కిటికీ కొడుతూనే ఉందట, చచ్చేదాకా. చచ్చాక కూడా కొట్టిందని మా నాన్నమ్మ చెప్పేది. చివరికి చిన్న కొడుకు పలక కడిగేస్తే ఆగిందట. అప్పట్నుంచీ మా ఇంట్లో రోజూ పడుకోబోయే ముందు ఆ పలక తడిగుడ్డతో తుడుస్తాం. ఏమీ రాసి లేకపోయినా తుడుస్తాం.

అది చెబితే నైజల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అందుకేనా ఇది! చూడు, పంతొమ్మిది వందల పదకొండు. టబితా చచ్చిన మూడేళ్ళకి ఆ చిన్న కొడుకు ఇంటి కాగితంలో అమ్మ పేరు కూడా రాశాడు. వయసు గడి ఖాళీ. చచ్చినవాళ్ళని లెక్కలో రాస్తారా ఎక్కడైనా? చదువురాని మొద్దులు."

"ఆ రాత్రి ఇంట్లో ఎవరున్నారో రాయమని అడిగారు," అన్నాను. "ఉన్నవాళ్ళని రాశాడు."

వాడు నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత పలక ఫోటో తీస్తానని బయటికెళ్ళి ఎంతకీ రాలేదు. టీ పోసి పిలుద్దామని వెళ్ళాను. పలక నిండా తెల్లగా, పెద్ద ఆరు.

"ఏం చేశావురా?"

"ఖాళీ పలక ఫోటోలో ఏం బావుంటుంది? సుద్ద కనబడదని పెయింటు పెన్నుతో రాశాను."

తడిగుడ్డ పెట్టి రుద్దాను. పోలేదు. గోళ్ళతో గీకాను. పోలేదు. పొద్దున్న ఆరు కదా, రాత్రంతా ఉంది, ఈలోపు గోడే బద్దలుకొట్టిస్తాను అనుకున్నాను. గనిలో రాత్రి షిఫ్టు కూడా ఉండేదన్న సంగతి, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన నాకు, ఆ క్షణంలో తట్టలేదు.

లోపలికొచ్చాం. చీకటి పడిపోయింది, గడియారంలో సాయంత్రం ఆరు కావస్తోంది. పొయ్యిలో నిప్పు ఉన్నట్టుండి ఎర్రగా చిన్నదైపోయింది. గదిలో తడిసిన ఉన్ని వాసన... దీపపు నూనె వాసన... బఠాణీ వాసన ఎటుపోయిందో.

టక్... టక్ టక్.

మేడమీద. అద్దం మీద.

"కొమ్మేమో," అన్నాడు నైజల్. మా వీధిలో చెట్టే లేదు.

టక్ టక్ టక్.

అప్పుడు వినబడింది, మేడమీదనుంచి మా స్టాన్ గొంతు. నిద్రలోనే, కుర్రాడిగా ఉన్నప్పటి గొంతు.

"వస్తున్నా!"

కిటికీ కొడితే గనివాడు నిద్రలేవకముందే నోరు లేస్తుంది. ఎన్నేళ్ళయినా పోదు. మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. స్టాన్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. గొట్టం కింద పడి ఉంది. కాళ్ళు నేలమీద ఆనించి, చేతులతో మంచం కింద తడుముతున్నాడు.

"బూట్లేవి పిల్లా? ఆలస్యమైపోతోంది."

స్టాన్‌ని పక్కమీదికి తోసి, మళ్ళీ పలకకుండా నోరు అరచేత్తో మూసి, మీద పడి పట్టుకున్నాను. ఎముకలగూడు... అయినా ఎంత బలం! కింద వీధిలోంచి ఒక ముసలి గొంతు తేలి వచ్చింది.

"ఇంకా పక్కమీదేనా? సిగ్గులేదూ?"

నైజల్ నా వెనకే వచ్చాడు. "ఎవరే ఈ ముసల్ది? ఉండు, నేను చెబుతా."

"తెర తియ్యకు! మొహం చూపించావంటే నిన్నే తీసుకుపోతుంది!"

"మీరు మారరు," అని ఈసడించి, సర్రున తెర లాగేశాడు.

టకటక ఆగిపోయింది.

వాడు కిందికి చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు. వాడి ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టడం లేదు. తర్వాత చిన్నపిల్లాడిలా గుసగుసగా అన్నాడు.

"నేను మేనేజర్నని చెప్పు, ఆడ్రీ... ఆవిడకి చెప్పు..."

ఎవరికి చెప్పను? వీధిలో పొగమంచు తప్ప ఏమీ లేదు. స్టాన్ మెత్తబడి నిద్రలోకి జారిపోయాడు. నైజల్ లాప్‌టాప్ కూడా మర్చిపోయి, కారెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు వాడి భార్య పమేలా ఫోన్ చేసింది. రాత్రి పడుకున్నవాడు లేవలేదట. గుండె అన్నారట. ఏడుస్తూనే అడిగింది.

"ఆడ్రీ, గోళ్ళ నిండా నల్లటి మట్టి. వేళ్ళ కణుపుల మీద గనివాళ్ళకుండే నీలం మచ్చలు, చర్మం లోపల. ఈయన ఎప్పుడైనా గనిలో పనిచేశాడా?"

"వాడా? వాడి మొహం!" అలవాటుకొద్దీ అనేశాను.

"ఇంకోటి... ఆయన గోధుమరంగు షూ కనబడటం లేదు."

టర్పెంటైను పోశాను. ఇనప బ్రష్షుతో వేళ్ళు చిట్లేదాకా రుద్దాను. ఆరు పోలేదు. పలక పెకలించడానికి మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. అప్పటిదాకా సాయంత్రం కాగానే మేడమీదికెళ్ళి, తెరలు పిన్నులతో బిగించి, స్టాన్ పక్కన కూర్చుని, పలికితే తీసుకుపోతుందని నోరు మూసి పట్టుకుంటున్నాను.

నిన్న కూడా అలాగే కూర్చున్నాను. గని ఎప్పుడో పూడ్చేశారు. అయినా వీధిలో మేకుల బూట్ల చప్పుడు... గుంపుగా... ఒకే అడుగు. వాటి మధ్య ఒక జత పల్చటి తోలు షూ, జారుతూ, తడబడుతూ. అక్కడా అడుగు కలవడం లేదు వెధవకి. భయంలో కూడా నాకు అసహ్యమే వేసింది.

ఆ చప్పుడు మా గుమ్మం దగ్గర ఆగింది.

టక్... టక్ టక్.

స్టాన్ నోరు గట్టిగా నొక్కి పట్టుకున్నాను. పెదాలు కదల్లేదు. నా చేతికింద బిగిసి, మూసుకునే ఉన్నాయి.

"వస్తున్నా!"

ఆ గొంతు నాది.