పత్తికుప్పలో పదిహేను పేర్లు

ఎమ్మిగనూరు బస్టాండులో కొరియర్ యేసేపును పట్టపగలే కాల్చేశారు. అతని సంచీలోని పుస్తకం మాయమైంది.

"ఒట్టోమన్ సామ్రాజ్యం టర్కీ దేశంగా మారిన చరిత్ర పుస్తకమది," ఫోన్‌లో అన్నాడు చీఫ్. "చివరి అధ్యాయంలో కొన్ని అక్షరాల కింద పెన్సిల్ చుక్కలుంటాయి. కలిపితే విదేశాల్లోని మన పద్నాలుగు మంది ఏజెంట్ల పేర్లు. శత్రువుకు చేరితే పద్నాలుగు శవాలు."

అలాంటి జాబితాను బస్సులో పంపిన మేధావి ఆయనే. ఏజెంట్ మధుసూదన్ ఆ మాట అనలేదు.

"మరి నందిని?"

"పని కాగానే ముఠాలోంచి బయటికి తెస్తాం. ఇది నా మాట."

రెండేళ్లుగా శత్రుముఠాలో మన మనిషి నందిని. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, ఖరీదైన సెంటు. ఆదోని పత్తి మార్కెట్‌లో హమాలీ వేషంలో ఉన్న మధుసూదన్ పక్కగా నడుస్తూ గొణిగింది.

"పుస్తకం ఈడనే ఏదో కుప్పలో దాచినారన్నా. పత్తి కొనేటోని వేషంలో ఒకడొచ్చి తీసుకుంటాడు. ఎవడో నాకూ తెల్దు. ఇదే ఆఖరి పని. రేపట్నుంచి నా పేరుతో నేను బతకల్ల."

"బతుకుతావు లేమ్మా. చీఫ్ మాట ఇచ్చినాడు."

తలపాగాలో స్కానర్ ఉంది. కాగితాన్ని అది పసిగట్టలేదు. మధుసూదన్ కొనేవాళ్ల చేతులు చూశాడు. అతను పెద్దకడుబూరు రైతు కొడుకు. తూకం పెరగాలని వాళ్ల నాన్న కూడా కుప్ప నడుమ నీళ్లు చల్లినవాడే. అందుకే ఆదోనిలో కొనేవాడెవడైనా ముందు మోచేతిదాకా చెయ్యి లోపలికి దూర్చి తడి చూస్తాడు. సఫారీ సూటువాడొకడు మాత్రం పైనున్న దూదిని రెండు వేళ్లతో తీసి వాసన చూశాడు.

మధుసూదన్ కదిలేలోపే వాడు పక్క కుప్పలోంచి పుస్తకం లాగి, పేజీలు ఫొటో తీశాడు. పంపే బటన్ మీదికి వేలు వెళ్తుండగా నందిని వాడిమీద దూకింది. ఫోన్ ముక్కలైంది. వాడి పిస్టల్‌ను మధుసూదన్ లాక్కున్నాడు.

పరుగున వచ్చిన పోలీసులు సఫారీవాడితోపాటు నందినికి కూడా బేడీలు వేశారు.

"ఏ నందిని?" మధుసూదన్ ఫోన్ చేస్తే అన్నాడు చీఫ్. "రికార్డుల్లో లేదు. ఒప్పుకుంటే పైవాళ్లకు తలనొప్పి. వదిలెయ్."

జీపులోంచి ఆమె అడిగింది. "సెప్పినావా అన్నా?"

మధుసూదన్ పుస్తకంలోకి చూశాడు. చేతిలో చివరి అధ్యాయం తెరిచే ఉంది. సుల్తాన్ పోయాక కొత్త ప్రభుత్వం పాత గూఢచారులను మీరెవరని అడిగిందట. అతను జేబులోంచి పెన్సిల్ తీశాడు.

స్టేషన్‌లో పుస్తకానికి సీలు వేసేముందు ఎస్సై జయన్న చుక్కలున్న అక్షరాలు కలిపి పేర్లు లెక్కపెట్టాడు. "పదిహేను పేర్లుండాయి సార్."

"అందరూ మనోళ్లే. రాసుకోండి."

చీఫ్ సొంత జాబితా అది. నందినిని కాదనాలంటే ఇప్పుడు ఆయన ఆ పద్నాలుగు మందినీ కాదనాలి. అవసరమైతే అదీ చేస్తాడని మధుసూదన్‌కు తెలుసు.