పిలిస్తే పలకని కార్డు

ఇటు జరుగు బిడ్డా. ఫ్యాను కింద కూర్చో, ఫోను పక్కన పెట్టు. మా భానుచందర్ పెళ్ళి ఎలా కుదిరిందో చెబుతాను. వాళ్ళిద్దరినీ అడిగితే కంప్యూటర్ మాటలు చెప్పి అసలు సంగతి మింగేస్తారు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కాబట్టి అంతా గుర్తుంది.

భానుచందర్ నా పెద్దకొడుకు కొడుకు. హసన్‌పర్తి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబు చూసుకునేవాడు. ఆ ల్యాబులో సర్వర్ అని ఒక పెద్ద డబ్బా ఉండేది. పైకి ఒక్కటే డబ్బా, లోపల ముప్పై కంప్యూటర్లు కాపురం చేస్తాయట. అవేవీ నిజం కంప్యూటర్లు కావు, కానీ పిల్లలు వాటి మీదే నిజం పరీక్షలు రాస్తారు. నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. మా అత్తగారిల్లు కూడా బయటి నుంచి ఒక్కటే. లోపల ఇరవై ఇద్దరం.

ఆ ల్యాబుకు డోర్నకల్ నుంచి వినోద అనే అమ్మాయి వచ్చింది. తండ్రి పోశయ్య రైలు పట్టాలు చూసే పనివాడు. మూడు నెలలు చూసి, బాగా చేస్తే ఉంచుకుంటామని ఉద్యోగం ఇచ్చారు. ఆమె రాగానే జడలు కట్టిన వైర్లన్నీ విడదీసి, ఒక్కోదానికి ఒక చీటీ కట్టింది. మావాడికి కోపం వచ్చింది. నా వైర్లు నాకు తెలుసన్నాడు. వైర్లకు మీరు తెలుసా సార్ అని ఆమె అడిగిందట.

ఇంటికొచ్చి ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పాడు. నాలుగోసారి చెప్పేటప్పుడు కోపం లేదు. నాకు సగం కథ అప్పుడే అర్థమైంది. మిగతా సగం కోసం ఆగాను.

ఒక శనివారం మావాడు సర్వర్ మూత విప్పి, ఇంకో నెట్‌వర్క్ కార్డు కొత్తగా పెట్టాడు. మూత బిగించి స్విచ్చేశాడు. డబ్బా లేచింది, దీపాలు వెలిగాయి, నెట్‌వర్క్ మాత్రం రాలేదు. సోమవారం పొద్దున పరీక్ష. నాలుగు విడతల్లో నూట ఇరవై మంది పిల్లలు. ప్రిన్సిపాల్ పాండురంగం సార్ ఫోన్ చేసి ఏమైందని గద్దించాడు. మావాడు కంగారులో, వినోద మేడం మొన్న వైర్లు సర్దింది సార్ అనేశాడు. పరీక్ష ఆగితే సోమవారమే ఆ పిల్లను డోర్నకల్ బండి ఎక్కిస్తానని సార్ ఫోన్ పెట్టేశాడు.

ఆ పూట మావాడు మూడు ముద్దలు తిని లేచాడు. కూర బాగాలేదా అంటే బాగుందన్నాడు. ఆ రోజు కూర వండనే లేదు, పప్పుచారు.

ఆదివారం పొద్దున్నే ల్యాబుకు పోయి, మధ్యాహ్నమైనా రాలేదు. నేను నాలుగు సర్వపిండి రొట్టెలు కాల్చి, గిన్నెలో సర్దుకుని ఆటో ఎక్కాను. దిగేసరికి వాన. తడిసిన కొంగుతో లోపలికి పోతే అక్కడ ఏసీ. సర్వర్‌కు వేడి పడదట. నాకు చలి పడుతుందా అని ఎవరూ అడగలేదు.

ఇద్దరూ సర్వర్ ముందే కూర్చున్నారు. నెట్‌వర్క్ లేదు కాబట్టి దూరం నుంచి దాంతో మాట్లాడలేరట, దాని ముందుకొచ్చి మాట్లాడాలట. కీబోర్డు ఒక్కటే. వాడు రెండు అక్షరాలు కొడితే ఆమె లాక్కునేది. ఆమె లాక్కున్నప్పుడు వాడు తెర చూడలేదు, ఆమె చెవి దిద్దు చూశాడు. తెర మీద ఏముందని ఆమె అడిగితే చెప్పలేకపోయాడు.

"నా మీద చెప్పినవంట గద సార్" అంది వినోద, తల తిప్పకుండానే.

మావాడు తప్పయిందన్నాడు. తప్పయితే ప్రిన్సిపాల్ సార్‌తోని చెప్పు, నాతోని ఎందుకని ఆమె మళ్ళీ పనిలో పడింది. వైర్లన్నీ మార్చి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి.

నేను రొట్టెలు పెట్టి, అసలేమైంది బిడ్డా అని అడిగాను.

"కార్డున్నది, వైరున్నది, లైటు గూడ వెలుగుతాంది బాపమ్మా" అన్నాడు మావాడు. "పిలిస్తే పలుకుతలేదు."

పలకకపోవడం నాకు తెలుసు. చెప్పాను. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఇద్దరమే కోడళ్ళం. పెద్దామె, చిన్నామె. నేను చిన్నామెను. నాలుగేళ్ళకు మా మరిదికి పెళ్ళయి భద్రమ్మ వచ్చింది. ఆమె వచ్చి కూర్చోగానే ఆమె చిన్నామె, నేను నడిపామె అయిపోయాను. మా అత్తకు మాత్రం పాత అలవాటే. పొయ్యి మీద పాలు పెట్టి, చిన్నదానా పాలు దించవే అని నన్నే పిలిచింది. నేను బియ్యం చెరుగుతూ కూర్చున్నాను, నేను నడిపామెను కదా. భద్రమ్మకు అది తన పేరని ఇంకా తెలియదు, పుట్టింట్లో అందరూ భద్రమ్మ అనేవాళ్ళు. పాలన్నీ పొంగి పొయ్యిలో పోయాయి. కోడళ్ళిద్దరికీ చెవుడని మా అత్త వాడంతా చెప్పింది.

వినోద చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"కొత్త కార్డు ఎక్కడ పెట్టినవు?" అని అడిగింది.

పాతదాని కంటే ముందున్న ఖాళీలో అన్నాడు.

ఆమె రొట్టె పక్కన పెట్టి కీబోర్డు లాక్కుంది. ఆ డబ్బా కార్డులకు కూర్చున్న చోటును బట్టి పేరు పెడుతుందట. పాత కార్డు పేరు మొన్నటిదాకా మూడు. కొత్తది ముందు దూరేసరికి అది మూడయింది, పాతది నాలుగయింది. లోపలి ముప్పై కంప్యూటర్లూ బయటికి పోయే వంతెన ఒకటుందట. దాన్ని ఏ కార్డుకు కట్టాలో చెప్పే ఫైలు మాత్రం ఇంకా మూడునే పిలుస్తోంది. కొత్త మూడుకు వైరే లేదు. వైరున్న నాలుగు బియ్యం చెరుగుతోంది.

ఫైలులో పేరు దిద్దింది, నెట్‌వర్క్ ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. తెర మీద గీతలు వరసగా రావడం మొదలైంది. అంటే పలికిందన్నమాట. మావాడు చప్పట్లు కొట్టబోయి, ఆమె ముఖం చూసి చేతులు దించాడు.

"రేపు ఇంకో కార్డు పెడితె మళ్ళ ఇదే లొల్లి" అంది వినోద. ప్రతి కార్డు మీదా పుట్టుకతో వచ్చిన నంబరు ఒకటుంటుందట. పేరును ఆ నంబరుకే కట్టేస్తే, ఎక్కడ కూర్చోబెట్టినా మారదట. నావైపు తిరిగింది. "అవ్వా, నీ పేరేంది?"

నడిపామె అన్నాను.

"అది నువ్వు కూసున్న జాగ పేరు. నీ పేరేంది?"

కాసేపు వెతుక్కున్నాను బిడ్డా. యాభై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు. సమ్మమ్మ అని చెప్పాను. ఆమె ఆ పేరే కొట్టింది. పాత కార్డు సమ్మమ్మ, కొత్తది భద్రమ్మ. వంతెనను సమ్మమ్మకు కట్టి, డబ్బాను ఆపి మళ్ళీ లేపింది. పేర్లు కదల్లేదు. ఏసీలో నా కళ్ళు మండాయి. ఏసీకే అనుకుంటాను.

మావాడు ఫోను తీసి, మా ముందే పాండురంగం సార్‌కు కలిపాడు. కార్డు పెట్టింది నేను, చెడగొట్టింది నేను, వినోద మేడం మీద చెప్పింది అబద్ధం, బాగుచేసింది ఆమె అని ఒక్క గుక్కలో చెప్పాడు. అట్లయితే నీ నౌకరి పోతది అని సార్ అరిచింది నాకూ వినిపించింది. పోనీ సార్ అన్నాడు.

"నువ్వు పోతె ఈ డబ్బాను ఎవరు చూడాలె?" అంది వినోద. "నేనొక్కదాన్నే చూడాల్నా?"

"ఇద్దరం చూద్దాం."

"ఎన్ని రోజులు, భానూ?"

అప్పటిదాకా సార్ అన్న పిల్ల. మావాడు ఫోను పెట్టేయడం మరిచిపోయాడు. ఫోనులో అవతల పాండురంగం సార్ ఇంకా ఉన్నాడు. ముందు పరీక్ష కానియ్యుండ్రి, తర్వాత మాట్లాడుకుందురు అని ఆయనే పెట్టేశాడు.

పరీక్ష జరిగింది. ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి. డోర్నకల్ పోయి పోశయ్యను అడిగింది నేనే. పిల్లను మీ ఇంట్ల ఏమని పిలుస్తరు అని అడిగాడాయన. వినోద అనే పిలుస్తామన్నాను. పెళ్ళయి వినోద మా గడపలో అడుగు పెట్టగానే నా కోడలు ఇంటి అలవాటుగా పెద్దకోడలా అనబోయింది. నేను ఒక చూపు చూశాను. చాలింది.

ఆ కాలేజీలో సమ్మమ్మ ఇంకా పనిచేస్తూనే ఉంది. భద్రమ్మకు ఇప్పటికీ వైరు ఇవ్వలేదు.

నువ్వు ఈ కథ మరిచిపోకు బిడ్డా. మీ కాలేజీలో నీ దోస్తులకు చెప్పు. కార్డుల సంగతి తప్పుగా చెప్పినా ఫరవాలేదు, పాలు పొంగిన సంగతి మాత్రం వదలకు. ఎవరు చెప్పారని అడిగితే నడిపామె అనకు. సమ్మమ్మ చెప్పిందని చెప్పు.