ఆముదం తాగిన కారు

"కారుకేమైంది? కడుపు పట్టిందా?"

ఆముదం కుండ మీద మూత తీయకుండానే అడిగింది అండాలు.

ఖాళీ చెంబుతో అరుగు ముందు నిలబడ్డాడు రఘుపతి. కొత్తకోటలో మక్సూద్ ఉస్తాద్ దగ్గర ఆరేళ్లు మోటారు పని నేర్చుకున్నాడు. ఉస్తాద్ అన్నీ నేర్పాడు గానీ, ఇలాంటి ప్రశ్నకు ఏం చెప్పాలో నేర్పలేదు.

"ఇంజన్ల పొయ్యాలె. అసలు ఆయిల్ హైదరాబాద్‌ల కూడ దొరుకుతలేదు. ఆముదం పోస్తే లోపల నున్నగ ఆడుతది. ఏనుగంత బలమొస్తది."

"పొద్దటి పూట పొయ్యకు. మాపటి దాక చెంబు పట్టుకొని ఉరుకుతనే ఉంటది."

లోపల మంచం మీద నడుం వాల్చిన ఆమె తండ్రి మల్లప్ప చెవిలో 'ఏనుగంత బలం' అన్న మాట ఒక్కటే పడింది. అది ఎంత పని చేస్తుందో అప్పుడు ఎవరికీ తెలియదు.

మల్లప్ప బండలాగుడు పోటీల మొనగాడు. అతని కర్రెద్దు, పుల్లెద్దు గుండు కట్టి లాగితే నార్కట్‌పల్లి చుట్టుపక్కల పదూళ్లలో ఎదురు నిలిచిన జత లేదు. అలాంటి జతను ఊరి దొరకు ఇచ్చేసి, బదులుగా ఆయన కారు తెచ్చుకున్నాడు.

ఆ కారుది వేరే కథ. దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్లు గడీ మీదికి వచ్చిన రోజు దొర కారును గడ్డివాములో దాచి పట్నం పారిపోయాడు. పోలీసు చర్య అయ్యాక తిరిగొచ్చి చూస్తే కారుంది, ముందు టైర్లు లేవు. సంఘం పిల్లలు వాటిని కోసి చెప్పులు కుట్టించుకున్నారు. ఆ చెప్పులు ఇంకా గుట్టల్లో తిరుగుతూనే ఉన్నాయని వినికిడి. దొరకు కారు మీద మనసు విరిగింది. మల్లప్పకు మాత్రం ఎడ్ల కాలం పోయి మోటార్ల కాలం వచ్చిందనిపించింది.

అండాలు మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు ఒట్టు పెట్టుకుంది.

"నా ఎడ్లను మింగిన కారిది. సచ్చినా దీన్ల కూసోను."

అంతలో కొత్త సర్కారు హుకుం వచ్చింది. కిరాయికి తిప్పే ప్రతి కారూ బలపరీక్షలో నెగ్గాలి. చౌరస్తాలోని రాతిస్తంభానికి గొలుసుతో గడియారం లాంటి పెద్ద కాటా కడతారు. కాటా రెండో కొక్కేన్ని కారు వెనక తగిలిస్తారు. కారు ఎంత గుంజితే ముల్లు అంత జరుగుతుంది. ఎర్రగీత దాటితే పర్మిట్టు. దాటకపోతే కారు పాత ఇనుము కిందికే.

పరీక్ష శుక్రవారం. కారు బాగుచేసే పని పట్టిన రఘుపతికి పది రోజులే ఉన్నాయి.

"మిస్త్రీ," అన్నాడు మల్లప్ప మొదటి రోజే, "కారు ఫేలైతే నాకు ఎడ్లు లేవు, కారు లేదు. పరీక్ష అయినంక వచ్చే ఆదివారం మిర్యాలగూడోళ్లు పిల్లను చూడ వస్తున్నరు. వాళ్లు ఊఁ అంటే ఇచ్చి చేతులు దులుపుకుంట."

"పాసైతే?"

"కూలి గాక మీదికెల్లి ఏదన్న ఒకటి అడుగు. ఇస్త."

"ఒకటి చాలు మామా," అన్నాడు రఘుపతి.

ఇక పని మొదలైంది. రేడియేటర్‌లో గడ్డి పీకాడు. వాల్వులు నూరాడు. ప్లగ్గులు గీకాడు. క్లచ్ పళ్లెం విప్పి అరుగు మీద ఆరబెట్టాడు. టైర్ల కోసం సూర్యాపేట దాకా పోయొచ్చాడు. సైలెన్సర్ ఊదితే తల్లీ పిల్లలూ కలిసి ఏడు ఎలుకలు బయటికి ఉరికాయి.

"మిస్త్రీవా, ఇల్లు ఖాళీ చేయించెటోనివా?" అంది గడపలో నిలబడి బియ్యం చెరుగుతున్న అండాలు. "పాపం, బాలింత."

"జాగా చూపెడితే మీ ఇంట్లనే దించుత."

"మా ఇంట్ల నువ్వొచ్చి మొత్తం ఆక్రమించినవు గదా. అరుగు మీద చూడు. బాపు కూసునే తావు లేదు."

చేటలో బియ్యం ఎగురుతున్నాయి గానీ ఆమె చూపు బియ్యం మీద లేదు. రఘుపతి చేతిలో రెంచి తిరుగుతోంది గానీ నట్టు మీద లేదు.

ఎనిమిదో రోజు ఆమె దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఒకటడుగుత. ఊరంతా మా బాపును కాకా అంటది. నువ్వొక్కనివే మామా అంటవేంది?"

రెంచి జారి కాలి బొటనవేలి మీద పడింది. రఘుపతి పళ్ల బిగువున నొప్పి ఓర్చుకున్నాడు.

"కాకా అంటే..."

"ఆఁ, అంటే?"

"నువ్వు నాకు చెల్లెవయితవు."

అండాలు గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. ఇక కుండెడు నీళ్లు నెత్తిన పడటమే తరువాయి అనుకున్నాడు రఘుపతి. కాసేపటికి ఆమె అడగకుండానే నిండు చెంబు తెచ్చి పెట్టింది.

"ఆముదం. కారుకే," అంది. ఆ 'కారుకే' అన్న మాటను అవసరానికన్నా గట్టిగా అంది.

శుక్రవారం వచ్చింది. చౌరస్తాలో తిరనాళ్లంత జనం. ఖాకీ నిక్కరు వేసుకున్న మోటారు ఇన్స్పెక్టర్ గొలుసు లాగి చూసి కుర్చీలో కూర్చున్నాడు. మల్లప్ప కారు బానెట్‌కు పసుపు రాసి, ఎడ్ల మెడ గంట ముందర కట్టి, పోటీకి పోయినట్టే తలపాగా చుట్టి వచ్చాడు. రఘుపతి స్టార్టు చేశాడు. ఇంజన్ ఒక్క ఊపున అందుకుంది. పొగ కమ్మగా, అదోరకంగా వాసన వేసింది.

"ఇదేంది? ఎవలో తలంటుకున్న వాసనొస్తాంది," అన్నాడు ఇన్స్పెక్టర్.

రఘుపతి గేరు వేసి క్లచ్ వదిలాడు. ఇంజన్ గర్జించింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. కారు మాత్రం ఉన్నచోటే వణికింది. ముల్లు సగం దాకా పోయి వెనక్కి పడింది.

మళ్లీ వేశాడు. మళ్లీ అంతే.

రఘుపతి కిందికి దూకి టైరు మీద చెయ్యి వేశాడు. చెయ్యి జర్రున జారింది. వాసన చూశాడు.

"మామా. టైర్లకు ఆముదం ఎవలు రాసిన్రు?"

"నేనే," అన్నాడు మల్లప్ప గర్వంగా. "పోటీ ముందట ఎడ్ల డెక్కలకు రాస్తం గదా. ఏనుగంత బలమని నువ్వే అంటివి. నాలుగు కాళ్లకు రెండు దఫాలు పట్టిచ్చిన."

జనం నవ్వు ఆపుకోలేకపోయారు. రఘుపతికి మాత్రం మిర్యాలగూడ కళ్ల ముందు కనిపించింది.

ఇన్స్పెక్టర్ చాయ్ కప్పు అందుకున్నాడు. "చాయ్ అయిపోయేదాక టైం. ఆ తర్వాత ఫేలని రాసేస్త."

రఘుపతి గుడ్డతో తుడిచాడు. మట్టి పోసి రుద్దాడు. జిడ్డు చెక్కుచెదరలేదు. కప్పులో చాయ్ సగమైంది.

అప్పుడు వీధికి అవతలున్న తమ ఇంట్లోంచి అండాలు పరుగెత్తుకొచ్చింది. చేతిలో రేకు డబ్బా. ఆదివారం పెళ్లిచూపుల కోసం మేనత్త పెసర్లు, బావంచాలు, పసుపు దంచి పంపిన నలుగుపిండి.

"ఆముదం గుడ్డకు పోతదా? ఒంటికి పట్టిందైనా, టైరుకు పట్టిందైనా దీనికే ఇడుస్తది. అటు చక్రం నువ్వు, ఇటు చక్రం నేను. చూస్తవేంది, పట్టు."

డబ్బా ఖాళీ అయింది. ఇద్దరి మోచేతుల దాకా, రఘుపతికైతే ముక్కు దాకా, పిండి అంటింది. జనంలోంచి ఒక అవ్వ అంది, "పిల్లగానికి నలుగు మంచిగనే పట్టింది."

రఘుపతి సీట్లోకి ఎక్కాడు. ఈసారి చక్రాలు నేలను పట్టాయి. గొలుసు బిగిసింది. ముల్లు కదిలింది, పాకింది, ఎర్రగీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. చక్రం మళ్లీ జారసాగింది.

"వెనక బరువు లేదు," అన్నాడు రఘుపతి. "ఒక్క మనిషి కూసుంటే చాలు సార్. కిరాయి కారే గదా."

ఇన్స్పెక్టర్ అడుగున మిగిలిన గుక్కను చూసుకున్నాడు. "ఓనర్ వద్దు. ప్యాసింజర్ అయితే ఒక్కరు."

మల్లప్ప జనం వైపు చూశాడు. జనం రెండడుగులు వెనక్కి వేశారు. గొలుసుకు కట్టేస్తే ఊగుతూ, ఆముదం పొగ కక్కే కారెక్కే ధైర్యం, దాని మీద మల్లప్ప పొగడ్తలు రోజూ వినే దోస్తులకు కూడా లేదు.

వెనక డోరు చప్పుడైంది.

రఘుపతి అద్దంలో చూశాడు. పిండి చేతులతో, బిగపట్టిన మొహంతో, అండాలు వెనక సీట్లో కూర్చుని ఉంది.

"ముందటికి చూడు," అంది. "నా బరువు గురించి తర్వాత ఒక్క మాట అన్నవంటే దిగిపోత."

రఘుపతి క్లచ్ వదిలాడు. ఎడ్ల గంట ఖంగున మోగింది. ముల్లు ఎర్రగీత మీదికొచ్చింది. దాటింది. దాటి ఇంకో రెండు వేళ్ల మందం పోయి నిలిచింది.

ఇన్స్పెక్టర్ ఖాళీ కప్పు కింద పెట్టి కాగితం మీద ముద్ర వేశాడు.

మల్లప్ప తలపాగా విప్పి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత కారు కిటికీ దగ్గరికొచ్చాడు.

"మాటంటే మాట. అడుగు మిస్త్రీ, ఏం కావాలె?"

"మామా..." అన్నాడు రఘుపతి. అంతే. ఏనుగంత బలం ఇంజన్‌లోనే ఉండిపోయింది. "మామా, అది ఏందంటే... మామా..."

"ఆయనతోని కాదు బాపు," అంది అండాలు వెనక నుంచి. "పది రోజుల సంది అడుగుతనే ఉన్నడు. ఊరంతా కాకా అంటుంటే ఈనొక్కడు మామా మామా అని. నీకే ఇనవడలే."

మల్లప్ప కూతురి మొహం చూశాడు. మెకానిక్ ముక్కు మీది పిండి చూశాడు. చౌరస్తాలో బోర్లా పడి ఉన్న రేకు డబ్బా చూశాడు. ఎంత బలమైన ఎద్దుకైనా కాడి ఎప్పుడు దించాలో తెలిసినవాడతను.

"మరి ఆదివారం వచ్చెటోళ్లకు ఏమని చెప్పాలె?"

"నలుగుపిండి ఒడిసిందని చెప్పు," అంది అండాలు.

గొలుసు విప్పారు. కారు నల్లగొండ రోడ్డు వైపు తిరిగింది. అండాలు దిగలేదు.