పాత బ్యారన్‌లో గురక

సంజీవరావు గారి పొగాకు కాల్చే పాత కొట్టం, బ్యారన్ వైపు పొద్దుగూకాక ఎవరూ తలైనా తిప్పరు. పురుగుమందు తాగి అందులోనే పోయిన కౌలురైతు బుల్లయ్య ఇంకా అక్కడే పడుకుంటాడట... గురక కూడా వినిపిస్తుందట. విన్నవాళ్ళు వెనక్కి చూడకుండా బండి తోలుకుపోతారు.

ఎలీసమ్మ ఎక్కడికి పోతుంది? పక్క చేలోనే మిరప కల్లం. ఎండబోసిన కాయలకి రాత్రి కాపలా ఆమెదే. మొగుడు జక్రయ్య పోయాడు, కూతురు కాపురానికెళ్ళింది. కల్లంలో నులకమంచం మీద ఒక్కతే...

మొదట్లో గురక వినపడితే ప్రార్థన చేసుకుంటూ తెల్లార్లూ కూర్చునేది. పోనుపోను భయం పోయింది. జక్రయ్య కూడా అలాగే గురక పెట్టేవాడు. ఎవరితోనూ అనలేదు గానీ — ఆ చప్పుడు వింటుంటేనే ఆమెకి నిద్ర పట్టేది.

ఆ రాత్రి గురక వేరుగా ఉంది. గొంతులో నీళ్ళు కదిలినట్టు... ఆగింది. చాలాసేపటికి ఇంకొకటి. మళ్ళీ ఆగింది —

ఎలీసమ్మ లేచి కూర్చుంది. చచ్చినవాడికి ఊపిరందకపోవడమేంటి?

ఫోన్ లైటు వేసుకుని, "యేసయ్యా... యేసయ్యా..." అనుకుంటూ ముళ్ళకంప దాటి బ్యారన్ లోపలికెళ్ళింది.

నేల మీద వెల్లకిలా ఒక మనిషి. పెదాలు నీలంగా ఉన్నాయి. చుట్టూ ఖాళీ మాత్రల షీట్లు.

పాస్టరు ఫిలిప్ గారబ్బాయి, మార్క్! ఆదివారం గుళ్ళో కీబోర్డు వాయించే మార్క్!

"నాయనా... లే నాయనా!"

పలకలేదు. పక్కకి దొర్లిస్తే నోట్లోంచి వాంతి కారింది. ఒక్క ఊపిరి లాగాడు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా వీపు చరుస్తూ, పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

108 బండిలో వచ్చినాయన షీట్లు ఏరుకున్నాడు. "ఆపరేషనైనవాళ్ళకి రాసే నొప్పి మాత్రలమ్మా. మత్తు కోసం మింగుతున్నారు. నువ్వు విన్నది గురక కాదు... ఊపిరి ఆగిపోయే ముందు వచ్చే చప్పుడు."

ఎలీసమ్మ ఇన్ని రాత్రులు వింటూ పడుకుంది!

ఒంగోలు ఆసుపత్రిలో మార్క్‌కి తెలివొచ్చింది. తండ్రితో కూడా మాట్లాడటంలేదన్నారు. ఎలీసమ్మ చూడ్డానికెళ్తే, అందరూ బయటికెళ్ళేదాకా ఆగాడు.

"ఒక్కడివే అక్కడేం చేసేవాడివయ్యా?" అని అడిగింది.

"ఉద్యోగం రాలేదు... ఇంట్లో రోజూ అదే మాట అత్తా. ఫ్రెండు రూములో చదువుకుంటానని చెప్పి వచ్చేసేవాణ్ణి."

తర్వాత గుసగుసగా అడిగాడు.

"రాత్రుళ్ళు కల్లంలో దగ్గేది... నువ్వేనా?"

"నేనేనయ్యా. కాయల ఘాటు."

"దెయ్యమనుకునేవాణ్ణత్తా. అయినా... అది వినపడితే, ఎవరో ఒకరున్నార్లే అని కళ్ళు మూసుకునేవాణ్ణి."