మూడో కూత

రాత్రంతా వీచిన నైరుతి గాలి తెల్లవారేసరికి ఉన్నట్టుండి ఆగిపోయింది. అండమాన్‌లోని హాడో రేవు క్వార్టర్సులో వేయించిన ఎండుచేపలను డబ్బాలో సర్దుతున్న మేరమ్మకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. అది 1964 జూన్. కూతురు సుందరికి బెజవాడ ఆసుపత్రి ఒకటి నర్సు శిక్షణకు పిలుపు పంపింది. హాస్టలులో ఖాళీ లేదు. ఊళ్ళో బస చూసుకుని, ఆ చిరునామాతో సోమవారం సాయంత్రం అయిదింటిలోగా హాజరు కావాలి. లేకపోతే ఆ స్థానం మరొకరికి పోతుంది.

“అక్కడ మన మనిషి ఒక్కరూ లేరు. పిల్ల తప్పిపోతే ఎవర్ని అడుగుతావయ్యా?” అన్నది మేరమ్మ.

“తప్పిపోతే ఏం చెయ్యాలో దానికి మాలూమే,” అన్నాడు బాలస్వామి. ఆమె భర్త అతను, రేవులో లాంచీ నడిపే సరంగు. ద్వీపాల్లో పుట్టి, ద్వీపాలు దాటి ఎరుగడు. “చెప్పు బేటీ.”

“ఎక్కడ తప్పిపోయానో అక్కడే నిలబడాలి. వెతికేవాళ్ళే వస్తారు,” అని సుందరి చిన్ననాటి పాఠం అప్పజెప్పింది.

“బాగానే ఉంది. బైబిల్లో కాపరి తిరిగాడు గానీ, తప్పిపోయిన గొర్రె నిలబడిందని ఎక్కడా లేదు!” అన్నది మేరమ్మ.

తల్లీకూతుళ్ళు నవ్వారు. బాలస్వామి నవ్వలేదు. తన సంచి అడుగున ఏవో కాగితాలు పెట్టి, తాడు గట్టిగా బిగించాడు.

ఓడ దిగిన మర్నాడు, ఆదివారం, మద్రాసులో తండ్రీకూతుళ్ళు మొదటిసారి రైలెక్కారు. పొలాలు వెనక్కి జారిపోతుంటే బాలస్వామి కిటికీ కమ్మీ వదలలేదు.

“ఏ ఊరమ్మా మీది?” ఎదుటి సీటులోని పెద్దావిడ అడిగింది.

“అండమాన్ అండీ. బెజవాడలో గది చూసుకోవాలి.”

“కాలాపానీయా!” ఆవిడ తన మూటను ఒళ్ళోకి లాక్కున్నది. “మీకు ఇల్లెవరిస్తారు తల్లీ?”

“విన్నావా?” అన్నాడు బాలస్వామి. అతని గొంతులో ఊరటలాంటిదేదో సుందరికి వినిపించింది.

గూడూరులో రైలు ఆగగానే అతను కూజా అందుకున్నాడు.

“దిగకు నాన్నా, కదిలిపోతుందేమో.”

“పగ్లీ! మన ఓడకి మూడు కూతలుండవూ? మూడోది కూసేలోగా వచ్చేస్తా. జనాన్ని లెక్కెట్టుకోకుండా ఎవడు కదుల్తాడు?”

రైలు ఒక్కటే కూత కూసింది. చక్రాలు కదిలాయి. కుళాయి దగ్గర బాలస్వామి తల తిప్పి చూశాడు. ఇంకా రెండు కూతలున్నాయన్న ధీమాతో కూజా నింపుతూనే ఉన్నాడు.

“నాన్నా!”

“గొలుసు లాగకు, పోలీసులు దింపేస్తారు,” అన్నది పెద్దావిడ. సుందరి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ప్లాట్‌ఫారమ్ అయిపోయింది.

టికెట్ కలెక్టరు వచ్చాడు. సుందరి తండ్రి సంచి విప్పింది. రైలు టికెట్ల కింద తిరుగు ప్రయాణపు ఓడ పాసులు కనిపించాయి. ఒకటి కాదు, రెండు. రెండోదాని మీద తన పేరు ఉంది. బెజవాడలో ఏ తలుపు తెరుచుకున్నా తనకు గది దొరకదని, ఆ సంగతి హాడోలోనే నిశ్చయమైపోయిందని ఆమెకు అర్థమైంది.

“నువ్వు సాగిపో అమ్మాయ్. దిగితే రేపటికి అందుకోలేవేమో. మీ నాన్న వెనక బండికి వస్తాడులే,” అన్నాడు కలెక్టరు.

ఇప్పుడు ముందుకు పోతే అడ్డుపడేవారు లేరు. ఆమె పాసులు చేతపట్టుకుని లేచి నిలబడింది.

“రాడండీ. ఆయన కదలడు.”

నెల్లూరులో దిగి, ఎదురొచ్చిన పాసింజరు ఎక్కింది. గూడూరు చేరేసరికి చీకటి పడుతోంది. కుళాయి చుట్టూ జనం మూగి ఉన్నారు. సుందరి వాళ్ళను తోసుకుని వెళ్ళింది. మధ్యలో తండ్రి, నిండు కూజా ఎత్తి పట్టుకుని, పట్టాల వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.

“ఎంత చెప్పినా ఇక్కణ్ణుంచి కదలట్లేదమ్మా,” అన్నాడు పోర్టరు.

“నీళ్ళైనా తాగావా నాన్నా?”

“నీకని పట్టానే.”

ఆమె పాసులు చూపింది. “ఇవేంటి?”

బాలస్వామి తల దించుకున్నాడు. “ఏ గదీ బాగాలేదని చెప్పి తీసుకుపోదామనుకున్నా. తప్పిపోతావని భయమేసింది బేటీ.”

“తప్పిపోయింది ఎవరు?” అన్నది సుందరి. “నేను రాకపోతే?”

“వస్తావని మాలూమ్.” అతని కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి జారాయి. “దారి తెలియని ఊళ్ళో వెనక్కొచ్చి నన్ను పట్టుకున్నావు. నీకింక నేను నేర్పేదేముంది?”

బాలస్వామి రెండు పాసుల్లో తన పేరున్న ఒక్కటే తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, కూతురిది ఆమె చేతిలోనే వదిలేశాడు.

రాత్రి మెయిలు వచ్చింది. బాలస్వామి ఈసారి ఏ కూతకూ ఆగలేదు. కూతురి చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు ఎక్కాడు. రైలు కదిలాక మెల్లగా అన్నాడు:

“రేపు ఏ సందులో గది దొరికినా, దాని ముందు కుళాయో, దీపస్తంభమో, ఏదో ఒక గురుతు చూపించు బేటీ. నిన్ను చూడ్డానికొచ్చి తప్పిపోతే, నేను నిలబడే చోటు ఉండాలి కదా.”