రేవు దగ్గర ఒక్క రాత్రి బస

“మనిషిని చంపడం తేలికయ్యా. క్రూయిజ్ సీజన్లో రేవు దగ్గర గది దొరకడమే కష్టం,” అన్నాడు చీఫ్.

ఆ మాటకి మేడమ్ ఒక్కతే నవ్వింది.

ట్రావెల్స్ నవ్వలేదు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ ట్రావెల్స్ అనే పిలుస్తారు. చాలా ఏళ్లుగా అతని గూఢచారి పనికి ముసుగు ఒక ట్రావెల్ ఏజెన్సీ. గాజు తలుపు, రెండు కుర్చీలు, గోడ మీద ఓడ బొమ్మ, ఎప్పుడూ మోగే ఫోన్. ఏజెన్సీ దొంగదే అయినా వచ్చే కస్టమర్లు నిజం. వాళ్లకి గదులు చూసి, బళ్లు మాట్లాడి, తిట్లు తిని, రానురాను ఆ పనిలో అతని చెయ్యి బాగా తిరిగింది.

చీఫ్ ఒక ఫొటో బల్ల మీదికి తోశాడు. “సబ్జెక్ట్ ఇతను. నేవీ ల్యాబ్‌లో ఇంజనీర్. శత్రు జలాంతర్గాముల్ని పసిగట్టే మన సోనార్ కోడ్ మొత్తం ఒక చిప్‌లోకి ఎక్కించాడు. కొనేది విదేశీ ముఠా. చేతులు మారేది ఓడలో, సముద్రం మధ్య. చిప్ ఆ విదేశీ ఓడ గుమ్మం దాటిందా, అది మన నేల కాదు. మన వారెంట్ అక్కడ చిత్తు కాగితం. ముందు రోజు రాత్రి ఇతను రేవు దగ్గర దిగుతాడు. గది నీది, వ్యాన్ నీది.”

“చిప్ ఎక్కడుంటుంది?”

జవాబు మేడమ్ చెప్పింది. ఆమె ముఠాలో మన మనిషి. నల్ల కళ్లద్దాలు, పచ్చరాయి ఉంగరం, గది దాటాక కూడా కాసేపు నిలిచే సెంటు వాసన. “బెల్ట్ బకిల్‌లో. ఓడ మెట్ల దగ్గర పట్టుకోండి. ముందే ముట్టుకుంటే మింగేస్తాడు. కళ్లన్నీ బెల్ట్ మీదే ఉంచండి.”

“ఒక్కడేనా?”

“వాళ్లమ్మ కూడా వస్తోంది. విహారయాత్ర అనుకుంటోంది, పాపం.” లిప్‌స్టిక్ చెదరకుండా అంది ‘పాపం’ అని. “హార్బర్ హోటల్లో 312 తీసుకోండి. కిటికీలోంచి ఓడ కనబడుతుంది. ఇంజనీర్‌కి అనుమానం రాదు.”

“గది నంబరు మన ముగ్గురి మధ్యే ఉండాలి,” అన్నాడు చీఫ్.

వ్యాన్ నడపడానికి ట్రావెల్స్ తన బావమరిదిని పెట్టుకున్నాడు. భార్యకి ఒక్కడే తమ్ముడు. బావని చూసే ఈ ఉద్యోగంలో చేరాడు. టోపీ బిళ్లలో మైక్, డ్రైవర్ సీటు కింద అన్ని తలుపులూ లాక్ చేసే బటన్, పెదవి మీద అంటించిన గుబురు మీసం.

“బావా, ఈ మీసం దురద పెడుతోంది.”

“పీక్కోకు. మళ్లీ అంటించడానికి జిగురు లేదు.”

“టూరుకి వెళ్తున్నామని అక్కకి చెప్పాను. ఓడలో దొరికే సెంటు సీసా తెమ్మంది.”

“ఓడ ఎక్కేది మనం కాదురా.”

“ఆ మాట నువ్వే చెప్పుకో. నాకు ప్రాణం మీద తీపి ఉంది.”

స్టేషన్ బయట, ఇంజనీర్ వ్యాన్ దగ్గరికి వచ్చి అటూ ఇటూ చూశాడు. “సముద్రం ఎలా ఉంది?”

“గాజు పలకలా ఉంది సార్,” అన్నాడు బావమరిది. మేడమ్ ఇచ్చిన కోడ్ సరిపోయింది. ఇంజనీర్ మొహంలో రక్తం మళ్లీ కనిపించింది.

అతని వెనక తల్లి. చేతిలో సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న నీళ్ల సీసా. వ్యాన్ మెట్టు ఎక్కుతూనే మొదలుపెట్టింది. “ఏం నాయనా డ్రైవరూ, అంత మీసం పెట్టుకున్నావు, భోంచేసేటప్పుడు అడ్డం రాదూ?”

“అలవాటైపోయిందండి.”

“మా ఆయనకీ ఉండేది. పెళ్లయిన వారానికే తీయించేశాను.”

అద్దంలో బావమరిది కళ్లు నవ్వాయి. ట్రావెల్స్ రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

హోటల్ కౌంటర్ దగ్గర 312 తాళం చేతికి రాగానే పెద్దావిడ ఆగిపోయింది. “ఎన్నో అంతస్తు?”

“మూడోదండి. లిఫ్ట్ ఉంది.”

“లిఫ్ట్‌లో నాకు ఊపిరాడదు బాబూ. మెట్లా, ఈ మోకాళ్లతో నా వల్ల కాదు. కింద గది ఏదైనా చూడు. ఓడ రేపు ఎలాగూ చూస్తాంగా, కిటికీలోంచి కూడా చూడాలా?”

“అమ్మా, బుక్ అయిపోయిందే, ఇప్పుడెలా,” అన్నాడు ఇంజనీర్ ఇబ్బందిగా.

“నువ్వుండరా. ఆ అబ్బాయికి చేతనవుతుంది. మొహం చూస్తే తెలియడం లేదూ?”

ఒక గూఢచారి అయితే కాదనేవాడు. కానీ కౌంటర్ ముందు నిలబడ్డవాడు ట్రావెల్ ఏజెంట్. మోకాళ్ల నొప్పులన్న కస్టమర్‌ని మూడో అంతస్తుకి పంపడం అతనికి చేతకాదు. మేనేజర్‌ని పక్కకి పిలిచాడు, పాత పరిచయం గుర్తు చేశాడు, లాండ్రీ పక్కన ఖాళీగా ఉన్న కింది గది ఇప్పించాడు. 312 తాళం బావమరిది చేతిలో పెట్టాడు. “నువ్వు పైన పడుకో. కిటికీలోంచి పార్కింగ్ మీద కన్నేసి ఉంచు.”

“సీ వ్యూ నాకా! బావా, జీవితంలో మొదటిసారి నా మీద ఖర్చుపెట్టావు.”

గది మార్చడం ట్రావెల్ ఏజెంట్ పని. అది చీఫ్‌కి చెప్పాల్సిన విషయమని అతనికి తోచలేదు.

సాయంత్రం తల్లీ కొడుకులు పెద్ద పెట్టెలకి ఓడ చీటీలు అంటించి గది బయట పెట్టారు. రేవు దగ్గరి హోటళ్లలో అదే పద్ధతి. పెట్టెలు తెల్లవారగానే లారీలో రేవుకి వెళ్లిపోతాయి. ఏ చీటీ మీద ఏ క్యాబిన్ నంబరుంటే ఆ క్యాబిన్ ముందు తేలతాయి. మనుషులు చేతిసంచులతో తీరిగ్గా వెనక వెళ్తారు. టిక్కెట్లతోపాటు ఆ చీటీలు కూడా మేడమ్ పంపిన సీలు కవర్లో వచ్చాయి. ట్రావెల్స్ పెట్టెల్ని దాటుకుంటూ వెళ్లాడు. అతని చూపు ఇంజనీర్ బెల్ట్ మీద ఉంది.

పొద్దున వ్యాన్ దగ్గర బావమరిది లేడు. ఫోన్ ఎత్తలేదు. ట్రావెల్స్ మెట్లెక్కి పైకి వెళ్లి తలుపు తీశాడు.

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునే ఉన్నాడు బావమరిది. డ్యూటీకి తయారై, బూట్లు వేసుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని. పెదవులు నీలంగా ఉన్నాయి. బల్ల మీద గది వాళ్లు పెట్టే కాఫీ ట్రే. కెటిల్, చింపిన పొడి ప్యాకెట్, సగం తాగిన కప్పు. ఇంకో కప్పు బోర్లించి ఉంది. కిటికీలో తెల్లగా, ఒక వీధంత పొడవున, ఓడ.

మీసం ఒక వైపు ఊడి వేలాడుతోంది. ట్రావెల్స్ వంగి దాన్ని మెల్లగా పూర్తిగా తీసేశాడు. జిగురు గట్టిగా పట్టుకుని ఉంది. రెండుసార్లు లాగాల్సి వచ్చింది. దాన్ని జేబులో వేసుకున్నాడు.

“రిపోర్ట్,” అంది చెవిలోని ఇయర్‌పీస్.

“నా డ్రైవర్ని చంపేశారు. 312లో. కాఫీలో విషం.”

“312లో డ్రైవరేం చేస్తున్నాడు?”

“గది మార్చాను. పెద్దావిడకి మోకాళ్ల నొప్పులని.”

చీఫ్ గొంతు తగ్గించాడు. “ఆ నంబరు ముగ్గురికే తెలుసు.”

“మీరూ నేనూ కాకపోతే మిగిలేది ఒక్కరే.”

“తర్వాత ఏడుద్దువుగాని. వ్యాన్ ఎవరు నడుపుతారు?”

“నేనే.”

కింది గదిలో ఇంజనీర్ ఒక్కడే ఉన్నాడు. తల్లి టిఫిన్ హాల్లో ఉంది. ట్రావెల్స్ తలుపు మూసి, గొంతు పెంచకుండా చెప్పాడు. “మీ కోసం తీసిన గదిలో ఇప్పుడొక శవం ఉంది. మీరు తాగాల్సిన కాఫీ తాగాడు.”

“ఎవరు మీరు? నన్నెందుకు చంపుతారు? నేను వాళ్లకి…”

“వాళ్లకి కావలసింది మీరివ్వడం అయిపోయింది. ట్రేలో కప్పులు రెండున్నాయి సార్.”

ఇంజనీర్ మంచం అంచున కూలబడ్డాడు. తనకొక్కడికే అయితే ఇంకాసేపు బుకాయించేవాడేమో. రెండో కప్పు అతన్ని విరిచేసింది.

“బెల్ట్ విప్పండి.”

“బెల్టేంటి? చిప్ అమ్మ పెట్టె అస్తర్లో ఉంది. ఆ మేడమే కుట్టించింది. ముసలావిడ పెట్టె ఎవరూ వెతకరంది.”

మెట్ల దగ్గర డిపార్ట్‌మెంట్ అంతా బెల్ట్ వైపు చూస్తుంటే, పెట్టె వెనక తలుపులోంచి ఓడ ఎక్కుతుంది. ఇంజనీర్ శవం హోటల్లో దొరికితే మెట్ల దగ్గరున్న వాళ్లు కూడా ఇటు పరిగెడతారు. లెక్క బాగానే వేసింది.

“క్యాబిన్ నంబరెంత?”

“మా టిక్కెట్ల మీదిది కాదు, ఆ పెట్టెకి ముఠా క్యాబిన్ చీటీ. అది అమ్మే అంటించింది. నేను చూడలేదు. ఆవిడకి కళ్లజోడు లేకపోతే అంకెలు కనిపించవు.”

“పెట్టె ఏ రంగు?”

“నలుపు. చక్రాలది. అందరి పెట్టెలూ అలాగే…” తలుపు వైపు చూశాడు. “అమ్మకి ఏం చెప్తారు?”

“ఆఫీసు వాళ్లు పిలిచారని.”

డిపార్ట్‌మెంట్ మనుషులు ఇద్దరు అతన్ని వెనక గుమ్మంలోంచి తీసుకెళ్లారు.

టెర్మినల్ లాంజ్‌లో మేడమ్ తెల్ల దుస్తుల్లో కూర్చుని ఉంది. ట్రావెల్స్ ఎదురు కుర్చీలో కూర్చుని, మూతున్న కాఫీ కప్పు ఒకటి ఆమె ముందు పెట్టాడు. వెనక బెంచీలో ప్రయాణికుల వేషంలో ఉన్న ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లు పత్రికలు మడిచారు.

“ఇంజనీర్ ఏడి?” అంది మేడమ్.

“గదిలోంచి రాలేదు మేడమ్. తల్లి కూడా రాలేదు. తలుపు కొడితే పలకడం లేదు.”

“అయ్యో! మరి ఇక్కడ కూర్చున్నారేం? మీ వాళ్లందర్నీ హోటల్‌కి పంపండి.”

“పంపాను. ముందు కాఫీ తాగండి. 312 ట్రేలో ప్యాకెట్ ఒకటి మిగిలిపోయింది. పారేయడం ఎందుకని కలిపి తెచ్చాను.”

మేడమ్ చెయ్యి కప్పు దాకా వచ్చి ఆగింది. పచ్చరాయి ఒక్కసారి మెరిసింది.

“నేను కాఫీ మానేశాను.”

“ఈ పూటకి మానకండి.”

కానిస్టేబుళ్లు చెరో భుజం మీద చెయ్యి వేశారు. దూరం నుంచి చూసేవాళ్లకి స్నేహితురాళ్లలా ఉన్నారు. ఒకామె మేడమ్ కళ్లద్దాలు తీసింది, ఇంకొకామె ముక్కు మూసింది. ట్రావెల్స్ కప్పు మూత తీసి పెదవులకి ఆనించాడు. పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. “మావాడు బలమైనవాడు. వాడికి సగం కప్పు పట్టింది. మీకు రెండు గుక్కలు చాలు. క్యాబిన్ నంబరు చెప్పండి.”

ఆమె తల విదిల్చింది. కాఫీ ఒక చుక్క గడ్డం మీదుగా జారి తెల్ల బట్టల మీద పడింది. ఆ మరకని చూసి ఆమె గొంతులోంచి ఒక చిన్న మూలుగు వచ్చింది. ఎప్పుడూ అందంగా ఉండే మనిషి మొహం భయంలో ఎంత మామూలుగా ఉంటుందో ట్రావెల్స్ చూశాడు. చూస్తూ కప్పు ఇంకొంచెం వంచాడు.

“ఏడు వేల నలభై నాలుగు!” అంది.

అతను పరిగెత్తాడు.

సామాను షెడ్డులో ఇనుప బోన్ల నిండా పెట్టెలు. వేలకొద్దీ నల్ల పెట్టెలు. ఏడో డెక్ బోనుని ఫోర్క్‌లిఫ్ట్ అప్పటికే ఎత్తుకుపోయింది. ర్యాంప్ మీద, ఓడ గుమ్మానికి ఒక బారెడు దూరంలో ఉంది. ఓడ హారన్ మోగింది. డ్రైవర్‌కి కేక వినబడలేదు. ట్రావెల్స్ బోనుకీ గుమ్మానికీ మధ్యకి దూకి నిలబడ్డాడు. ఇనుము అతని ఛాతీకి తగిలి ఆగింది.

“చచ్చేవాడివి కదయ్యా! బుద్ధుందా?” అని అరిచాడు డ్రైవర్.

7044 అడుగున ఉంది. కత్తితో అస్తరు చీల్చాడు. మడతపెట్టిన చీరలు, ఉన్ని శాలువా, మోకాళ్ల పట్టీలు, వాటి కింద గోరంత చిప్.

లాంజ్‌కి తిరిగొచ్చేసరికి మేడమ్ చేతులకి సంకెళ్లున్నాయి. కప్పు ఇంకా బల్ల మీదే ఉంది. ఆమె దాన్నే చూస్తోంది.

ట్రావెల్స్ కప్పు ఎత్తి, ఆమె ఎదుటే గుటగుటా తాగేశాడు.

ఆమె నోరు తెరిచింది.

“ఇక్కడి మెషిన్‌దే. 312లోది ల్యాబ్‌కి వెళ్లింది,” అన్నాడు. “చల్లారిపోయింది.”

పెద్దావిడ వ్యాన్‌లో ఒక్కతే కూర్చుని, కిటికీలోంచి కదులుతున్న ఓడని చూస్తోంది. “వెళ్లిపోతోందే నాయనా!”

“మీ అబ్బాయికి ఆఫీసు నుంచి పిలుపొచ్చిందండి. వెంటనే వెళ్లాల్సి వచ్చింది.”

“వాడి ఆఫీసు పాడుగాను. నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?” కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “సాయంత్రానికి వస్తాడా?”

“చూడాలండి.”

“సరేలే. ఆ కింది గది ఈ పూటకి కూడా ఉంటుందా? నిన్న నువ్వు మార్పించావు కాబట్టి సరిపోయింది. పైకి ఎక్కించి ఉంటే నా ప్రాణం పోయేది. మంచివాడివయ్యా. మీ ఆవిడ అదృష్టవంతురాలు.” ముందు సీటు వైపు చూసింది. “ఆ మీసాల అబ్బాయి ఏడీ? కబుర్లు చెప్పేవాడు.”

“వాడి డ్యూటీ అయిపోయిందండి,” అన్నాడు. జేబులో చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. తీయలేదు.

ఆవిడని గదిలో దింపి బయటికొచ్చాక చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్. మంత్రిగారికి చెప్పాను. ఆ బాడీని సాయంత్రం లోపల కదిలించు. హోటల్ వాళ్లు గది ఖాళీ చేయమంటున్నారు. మన బళ్లు వద్దు, పత్రికల వాళ్ల కంట పడతాయి. ప్రైవేటుది ఏదైనా నువ్వే చూడు. ఇంట్లో కూడా నువ్వే చెప్పు, మీ బంధువు కదా.”

ట్రావెల్స్ కింది మెట్టు మీద కూర్చుని, తనకి బాగా తెలిసిన ఒక బళ్ల యజమాని నంబరు నొక్కాడు.

“ఏజెంట్‌గారా! చెప్పండి సార్. ఎంతమంది?”

“ఒక్కరు.”

“లగేజి?”

“లేదు.”

“ఏసీ కావాలా?”

“తప్పకుండా ఉండాలి.”

“అలాగే. మరి రిటర్న్ ఎప్పటికి పెట్టమంటారు?”

“వన్ వే,” అన్నాడు ట్రావెల్స్. “బండి శుభ్రంగా ఉండేలా చూడండి. పార్టీ మా ఇంటి మనిషి.”